గుద్దింది ఒకరు, బోనస్ పోయేది ఇంకొకరికి

చిన్న ప్రమాదాలకు వార్త విలువ ఉండదు. ప్రాణం పోదు, ఎముక విరగదు, పోలీస్ స్టేషన్ గడప తొక్కే పని పడదు. బంపర్ ఊడుతుంది, తలుపు సొట్టపోతుంది, రోడ్డు మీద పది నిమిషాలు మాటా మాటా అనుకుంటారు, ఆపైన ఎవరి దారి వాళ్లది. తప్పెవరిదన్న ప్రశ్న ఆ రోడ్డు మీదే మిగిలిపోతుంది. బీమా కంపెనీ దాన్ని అడగదు. అడగనక్కర్లేని విధంగానే మన మోటారు బీమా ఏర్పాటై ఉంది. ఆ ఏర్పాటు న్యాయమేనా అన్నది ఈ సంవాదం. ఇందులో మావయ్య జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల విభాగం చూసి రిటైరైన మనిషి. మేనకోడలు వాహన యజమానుల తరఫున ట్రైబ్యునల్లోనూ వినియోగదారుల కమిషన్లోనూ వాదించే లాయరు. ఇద్దరూ వాదం కోసం నేను నిలబెట్టిన పాత్రలే. వాళ్లు చెప్పే సెక్షన్లు, తీర్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. నాది మేనకోడలి పక్షమని ముందే చెబుతున్నాను. అందుకే మావయ్య వాదాన్ని నా శక్తి కొద్దీ బలంగా పెట్టాను.

మావయ్య: అమ్మాయ్, తప్పెవరిదని అడక్కపోవడమే ఓన్ డ్యామేజ్ పాలసీకి ప్రాణం. నీ బండి నువ్వే గేటుకి గుద్దుకున్నా, ఎవరో వచ్చి నిన్ను గుద్దినా, చెట్టు కొమ్మ విరిగి మీద పడ్డా కంపెనీ రిపేరు చేయించి ఇస్తుంది. లైసెన్సు ఉండాలి, తాగి నడపకూడదు, పాలసీ అమల్లో ఉండాలి. ఇలాంటి షరతులే తప్ప తప్పు నీదా ఎదుటివాడిదా అన్న విచారణ లేదు. ఆ విచారణ పెడితే ఏమవుతుందో ఆలోచించు. ప్రతి సొట్టకీ రెండు కథలు, నలుగురు సాక్షులు, ఒక పంచాయితీ. ఇరవై వేల బిల్లు తేల్చడానికి ముప్ఫై వేల ఖర్చు. అందుకే కంపెనీలు తమలో తాము నాక్ ఫర్ నాక్ అనే ఒప్పందం పెట్టుకున్నాయి. రెండు బండ్లకీ ఓన్ డ్యామేజ్ కవర్ ఉంటే ఎవరి కస్టమర్ బండి వాళ్లే బాగు చేయిస్తారు, ఒకరి మీద ఒకరు వసూలుకి పోరు. ఏడాది పొడుగునా చూసుకుంటే ఇవాళ మనం వదులుకున్నది రేపు వాళ్లు వదులుకుంటారు. కస్టమర్ బండిని షెడ్డులో వదిలి, తన వాటా కట్టి, నాలుగు రోజుల్లో తీసుకుపోతాడు. తప్పు తేల్చమని పట్టుబడితే ఆ సుఖం పోతుంది. గొడవ కావాలనుకునేవాడికి తప్ప ఎవరికి లాభం?

మేనకోడలు: ఇవాళ మనం వదులుకుంటే రేపు వాళ్లు వదులుకుంటారు అంటున్నారే, అది కంపెనీల లెక్క మావయ్యా. కస్టమర్ లెక్క మీరు వేయలేదు. ఒక ఎస్టిమేట్ కాగితం ముందు పెట్టుకుందాం. బండికి నాలుగున్నరేళ్లు. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా పక్క నుంచి దూరిన కారు గుద్దింది. ముందు బంపర్ ఎనిమిది వేలు, ఫెండర్ ఆరు వేలు, లేబర్ నాలుగు వేలు, పెయింట్ ఎనిమిది వేలు. మొత్తం 26,000. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి సగం తరుగు, నాలుగు వేలు యజమాని మీద. ఫెండర్ రేకు, నాలుగేళ్లు దాటి అయిదేళ్ల లోపు బండికి 35 శాతం తరుగు, అంటే 2,100. పెయింట్ బిల్లులో నాలుగో వంతు సామాను కింద లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అది వెయ్యి. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా భరించాల్సిన మొత్తం ఇంకో వెయ్యి. కంపెనీ ఇచ్చేది 17,900. ఆగి ఉన్న మనిషి జేబులోంచి పోయేది 8,100.

ఇది షెడ్డులో కనబడే నష్టం. కనబడనిది రెన్యువల్ నాడు వస్తుంది. నాలుగేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినందుకు అతనికి 45 శాతం బోనస్ ఉంది, ఈ ఏడాది గడిస్తే 50 అయ్యేది. క్లెయిమ్ పెట్టాడు కాబట్టి సున్నా. తిరిగి 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరడానికి అయిదేళ్లు కావాలి. బోనస్ తీయక ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం పన్నెండు వేలు అనుకోండి. మొదటి ఏడాది ఆరు వేలు, తర్వాత 3,600, ఆపైన మూడు వేలు, 1,800, చివరికి 600. మొత్తం పదిహేను వేలు. బండి విలువ ఏటా తగ్గుతుంది కనక నిజంగా కట్టేది కొంత తక్కువే కావచ్చు. అయినా కంపెనీ ఒక చేత్తో ఇచ్చిన 17,900లో చాలా భాగం రెండో చేత్తో వెనక్కి పోయింది. తరుగూ బోనసూ కలిపితే 26 వేల బిల్లులో దాదాపు 23 వేలు ఏ తప్పూ చేయని మనిషి నెత్తిన పడ్డాయి. తప్పు ఎవరిదని అడగలేదు కాబట్టి ఎవరికీ శిక్ష పడలేదని మీరంటారు. పడింది. తప్పు చేయనివాడికి పడింది.

మావయ్య: బోనస్‌ని నువ్వు మంచి నడతకిచ్చే బహుమతిగా చూస్తున్నావు. అది క్లెయిమ్ పెట్టనివాడికిచ్చే తగ్గింపు, అంతే. క్లెయిమ్ పెట్టావు, తగ్గింపు పోయింది. ఇందులో శిక్ష లేదు. పైగా ఇంకో సంగతి చూడు. హైదరాబాద్‌లో రోజూ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా నడిపేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా సరే, వారానికోసారి గుడికెళ్లే పెద్దాయన కంటే ఎక్కువసార్లు దెబ్బ తింటాడు. తప్పు అతనిది కాకపోవచ్చు, రిస్కు మాత్రం అతనిదే. బీమా ధర కట్టేది రిస్కుకి కానీ పాపపుణ్యాలకి కాదు. అంత బాధగా ఉంటే నిల్ డిప్రిసియేషన్ కవర్ తీసుకో, బోనస్ ప్రొటెక్షన్ తీసుకో. నువ్వు చెప్పిన బిల్లులాంటిది వస్తే సొంత డబ్బుతో చేయించుకుని బోనస్ కాపాడుకోమని మా ఆఫీసులో మేమే చెప్పేవాళ్లం.

మేనకోడలు: ఆ సలహా నిజాయతీగా ఇచ్చారని నాకు తెలుసు. కానీ దాని అర్థమేమిటో చూడండి. ప్రీమియం కట్టించుకున్న కంపెనీయే, నష్టం వచ్చిన రోజున మా దగ్గరికి రాకపోవడమే నీకు మేలు అని చెబుతోంది. ఇక ఆ అదనపు కవర్లు: ఎదుటివాడి తప్పు వల్ల నా బోనస్ పోకుండా ఉండటానికి నేను మళ్లీ డబ్బు కట్టాలి. తప్పు చేసేవాడు మాత్రం ఏమీ కట్టనక్కర్లేదు. రిస్కు మాట సరే, ఊరి రిస్కుకి ధర ఇప్పటికే వేరుగా ఉంది. పాత టారిఫ్‌లోనే హైదరాబాద్‌ని చెన్నై, ముంబై, ఢిల్లీలతో కలిపి ‘ఏ’ జోన్‌లో పెట్టి, మిగతా ఊళ్లకంటే ఎక్కువ రేటు వేశారు. ఊరికి ఒకసారి కట్టించుకుని, ఆ ఊళ్లో దెబ్బ తిన్నందుకు మరోసారి కట్టించుకోవడం ఎందుకు? 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇంకో మెట్టు ఎక్కింది. ఎన్ని కిలోమీటర్లు తిరిగావు, ఎలా నడిపావు అన్నదాన్ని బట్టి ప్రీమియం వేసే అదనపు కవర్లకు అనుమతి ఇచ్చింది. సడన్ బ్రేక్ ఎన్నిసార్లు వేశావో లెక్కపెట్టడానికి సిద్ధపడిన పరిశ్రమ, జరిగిన ప్రమాదంలో తప్పెవరిదో అడగడం కష్టమంటే ఎలా నమ్మాలి?

అసలు అన్యాయం థర్డ్ పార్టీ ప్రీమియంలో ఉంది. ఎదుటివాడికి చేసే నష్టానికి కట్టే బీమా అది. తప్పు చేసేవాడికి పెరగాల్సింది అదే. కానీ దాని రేటు ఇంజన్ సీసీని బట్టి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకి 3,416 రూపాయలు. ఇరవై ఏళ్లలో ఒక్క గీత పడనివాడికీ అంతే, ఏడాదికి ముగ్గుర్ని గుద్దేవాడికీ అంతే. గుద్దినవాడు తన బండి సొట్టని టింకరింగ్ షెడ్డులో మూడు వేలిచ్చి తీయించుకుంటే అతని బోనస్ కూడా భద్రం. అతను కూడా క్లెయిమ్ పెడితే ఇద్దరికీ ఒకే కోత. ఈ రెండు దారుల్లో ఏదీ తప్పుని తప్పుగా గుర్తించదు.

మావయ్య: గుర్తించే దారి చట్టంలో ఉందిగా. నీ పాలసీలోనైనా వాడి పాలసీలోనైనా ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ప్రైవేటు కారుకి ఏడున్నర లక్షల దాకా కవర్ ఉంది. కట్టేటప్పుడు వంద రూపాయలు మిగుల్చుకుందామని ఆరు వేలకి తగ్గించుకుంటే తప్ప. నీ తప్పు లేదని అంత నమ్మకముంటే ఓన్ డ్యామేజ్ జోలికి పోకు, ఎదుటివాడి కంపెనీ మీద వెళ్లు.

మేనకోడలు: వెళ్లడమంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. ఎదుటివాడి కంపెనీకి నేను కస్టమర్ని కాను, కాబట్టి దాని మీద ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోలేను. అక్కడ పాలసీదారు తన కంపెనీ మీద పెట్టుకున్న ఫిర్యాదే వింటారు. మోటారు ప్రమాద పరిహారం ట్రైబ్యునల్ పని తప్ప వినియోగదారుల ఫోరం పని కాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మిగిలింది మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రైబ్యునల్. ఆస్తి నష్టం కూడా దాని పరిధిలో ఉన్న మాట నిజమే. నా ఊళ్లో వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన చోట వేసుకోవచ్చు. కానీ కాళ్లు పోయినవాళ్లు, ఇంటి పెద్దను పోగొట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసే ఆ వరసలో ఫెండర్ కోసం ఎవరు నిలబడతారు? నిలబడటం న్యాయమా? ఆ చట్టానికి చేసిన 2019 సవరణలో దీనికి ఒక విరుగుడు రాశారు. 149వ సెక్షన్ ప్రకారం ప్రమాదం సంగతి తెలిశాక కంపెనీ ఒక అధికారిని నియమించాలి, ముప్ఫై రోజుల్లోగా ఆయన సెటిల్‌మెంట్ ఆఫర్ ఇవ్వవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఇదే సవరణ ట్రైబ్యునల్‌కి వెళ్లే గడువుని ఆరు నెలలు చేసింది. గడువు దెబ్బ తిన్నవాడికి గట్టిగా తగిలింది, ఆఫర్ మాత్రం కంపెనీ ఇష్టానికి మిగిలింది. దారి ఉంది అనడం వేరు, నడవగలిగే దారి ఉంది అనడం వేరు మావయ్యా.

(ఇక్కడ మావయ్యకి ఒక పాయింటు ఇచ్చి తీరాలి. రిపేరు డబ్బు చెల్లించడానికి తప్పు విచారణ అడ్డు రాకూడదన్నది ఆయన వాదంలో గట్టి రాయి. రోడ్డెక్కిన ప్రతివాడూ ఏదో ఒకరోజు తానే తప్పు చేస్తాడు. ఆ రోజు కంపెనీ మొహం చాటేస్తే బీమాకి అర్థం లేదు. మేనకోడలు అడుగుతున్నది అది కాదు. డబ్బు ఇప్పుడు ఇస్తున్నట్టే ఇవ్వమంటోంది. బోనస్ కోత, తప్పనిసరి భాగం, ఎదుటి కంపెనీ నుంచి వసూలు, ఈ మూడింటికే తప్పు కొలత కావాలంటోంది. పరిహారానికీ బాధ్యతకీ మధ్య గీత గీయవచ్చని మన చట్టానికి తెలుసు. తప్పు నిరూపించనక్కర్లేకుండానే మరణానికి అయిదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇప్పించే 164వ సెక్షన్ పక్కనే, తప్పు నిరూపిస్తే పూర్తి పరిహారం ఇచ్చే 166వ సెక్షన్ కూడా ఉంది. మనిషి ఒంటికి పనికొచ్చిన పద్ధతి బండి ఒంటికి పనికిరాకపోవడానికి కారణం లేదు.)

మావయ్య: సరే, తేల్చాలనే అనుకుందాం. తేల్చేదెవరు? సర్వేయర్ బండిని షెడ్డులో చూస్తాడు, రోడ్డు మీద కాదు. ఆయన నష్టం కొలిచేవాడే కానీ తీర్పరి కాదు. నువ్వొకటి చెబుతావు, వాడొకటి చెబుతాడు. రోడ్డు మీద అందరూ ఒప్పుకునే సూత్రం ఒక్కటే, వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు. మిగతాదంతా నోటిమాట.

మేనకోడలు: ఆ ఒక్క సూత్రం కూడా అంత సూటిగా లేదు. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో మారుతీ కారు ముందు వెళ్తున్న లారీని వెనక నుంచి గుద్దింది. లారీ సడన్‌గా ఆగిందన్నది కారు తరఫు వాదన. పది, పదిహేను అడుగుల దూరంలో వెనకే నడిపావు, ఆ దూరం చాలదు, తప్పు నీదే అంది కోర్టు. మీ సూత్రం గెలిచింది. 2025 జులైలో ఇంకో తీర్పు వచ్చింది. కోయంబత్తూరు దగ్గర హైవే మీద కారు ఉన్నట్టుండి ఆగింది. వెనక మోటారు సైకిల్ మీద వస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థి దాన్ని గుద్ది పడ్డాడు, వెనక వచ్చిన బస్సు అతని మీదుగా వెళ్లింది, ఎడమ కాలు పోయింది. భార్య గర్భిణి, వాంతి వస్తుందంటే ఆపానని కారు నడిపినాయన చెప్పాడు. హైవే మీద సిగ్నల్ లేకుండా ఆగడమే అజాగ్రత్త అని కోర్టు తేల్చి, ఆ కారుకి 50 శాతం, బస్సుకి 30, వెనక నుంచి గుద్దిన అబ్బాయికి 20 శాతం బాధ్యత పంచింది. మీ సూత్రం ఓడింది. నేను గెలుపోటముల కోసం చెప్పడం లేదు. తప్పుని విడగొట్టి శాతాల్లో పంచడం మన న్యాయస్థానాలు నిత్యం చేసే పనే. ప్రాణాల విషయంలో చేయగలిగిన పని, వాహనాల డ్రైవింగ్ నిబంధనలు 2017 చేతిలో పెట్టుకుని బంపర్ విషయంలో చేయలేమా?

ఇక సర్వేయర్ సంగతి. షెడ్డులో నిలబెట్టిన బండి కూడా చాలా చెబుతుంది. ఫెండర్ మీద దెబ్బ ముందు నుంచి వెనక్కి లాగినట్టుందా, వెనక నుంచి ముందుకి ఒరిపిడి పట్టిందా, అంటుకున్న ఎదుటి బండి రంగు ఏ ఎత్తులో ఉంది, బంపర్ క్లిప్పులు లోపలికి విరిగాయా బయటికి ఊడాయా అన్నది చూస్తే ఏ బండి కదులుతోందో, ఏది ఆగి ఉందో అనుభవమున్న సర్వేయర్ చెప్పగలడు. చెప్పిన కథకీ సొట్టకీ పొంతన లేదని మీ కంపెనీలు క్లెయిములు తిరస్కరించేది ఈ ఆనవాళ్లతోనే కదా. క్లెయిమ్ కొట్టేయడానికి పనికొచ్చిన కన్ను, బోనస్ నిలబెట్టడానికి ఎందుకు పనికిరాదు? సర్వేయర్ తప్పు చెప్పవచ్చు, నిజమే. ఆయన నివేదిక చివరి మాట కాదని, అది కంపెనీనీ పాలసీదారునీ కట్టిపడేయదని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సవాలు చేసుకునే అవకాశం ఉంది. ఇప్పుడు సవాలు చేయడానికి అసలు నిర్ణయమంటూ లేదు, అదీ బాధ.

సాక్ష్యం లేదన్న మాట కూడా ఈ రోజుల్లో చెల్లదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చిపోయే దుకాణాలు, హాళ్లు, ఆసుపత్రులు సీసీ కెమెరాలు పెట్టి, రికార్డుని ముప్ఫై రోజులు దాచాలి. కూకట్‌పల్లిలోనో విజయవాడ బెంజ్ సర్కిల్లోనో ప్రమాదం జరిగితే ఏదో ఒక కెమెరా చూసే ఉంటుంది. డాష్ క్యామ్ ఉంటే మరీ మంచిది. కోర్టుదాకా వెళ్తే 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అంతే. కానీ ఆ ముప్ఫై రోజుల్లో వెళ్లి అడగాల్సిందెవరు? క్లెయిమ్ నంబరు, లెటర్‌హెడ్, అధికారం ఉన్న కంపెనీయా, దుకాణం మెట్ల దగ్గర సెక్యూరిటీ గార్డుని బతిమాలుకునే కారు యజమానా?

మావయ్య: నువ్వు కంపెనీ నెత్తిన కొత్త ఉద్యోగం పెడుతున్నావు. ఆ ఖర్చు మళ్లీ ప్రీమియంలోకే వస్తుంది. పాలసీ షరతుల్లో రెండోది గుర్తు తెచ్చుకో: కంపెనీ రాతపూర్వక సమ్మతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇస్తానని మాట ఇవ్వకూడదు. ఎందుకు పెట్టారు? రోడ్డు మీద భయంలో అన్న మాట కంపెనీ మెడకి చుట్టుకోకుండా. నువ్వేమో రోడ్డు మీదే తప్పు రాయించుకోమంటున్నావు.

మేనకోడలు: ఆ షరతు మంచిదే, దాన్ని తాకకుండానే పని జరుగుతుంది. ఫ్రాన్స్‌లో ప్రతి కారులో ఒక ఫారం ఉంటుంది. చిన్న గుద్దుడు జరగగానే ఇద్దరు డ్రైవర్లూ ఒకే కాగితం మీద రాస్తారు. నడుమ పదిహేడు గడులు: ఆగి ఉన్నాను, పార్కింగ్ నుంచి బయటికొస్తున్నాను, లేన్ మారుతున్నాను, వెనక్కి తీస్తున్నాను, ఇలాంటివి. ఎవరికి వర్తించే గడిలో వాళ్లు టిక్ పెట్టి, బొమ్మ గీసి, ఇద్దరూ సంతకం చేస్తారు. ఇది తప్పు ఒప్పుకోవడం కాదు, జరిగింది రాయడం మాత్రమే అని ఆ కాగితం మీదే ఉంటుంది. తప్పు ఎవరిదో డ్రైవర్లు రాయరు. కంపెనీలు ముందే ఒప్పుకున్న పట్టిక ప్రకారం తేలుస్తాయి. ఆగి ఉన్న బండిని లేన్ మారే బండి గుద్దితే ఎవరికి ఎంతో ఆ పట్టికలో ఉంటుంది. ఆ తర్వాత ప్రీమియం గుణకం సంగతి. పూర్తి తప్పు ఉన్నవాడికి 25 శాతం పెరుగుతుంది, సగం తప్పుకి పన్నెండున్నర. తప్పు లేనివాడికి ఏమీ పెరగదు. గమనించండి, అక్కడ కూడా కంపెనీలు తమ మధ్య సర్దుబాటు ఒప్పందంతోనే పనిచేస్తాయి, ఎవరి కస్టమర్‌కి వాళ్లే ముందు డబ్బిస్తారు. మీరు చెప్పిన సుఖం అంతా ఉంది. కాకపోతే ఆ ఒప్పందం తప్పుని మింగేయదు. అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల్లో నాకు చెల్లించిన కంపెనీ ఎదుటి కంపెనీ మీద వసూలుకి వెళ్తుంది, వసూలైతే నేను కట్టిన డిడక్టిబుల్‌లో నా వాటా నాకు తిరిగొస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లను అడిగినా చెబుతారు.

ఆ రెండో షరతులోనే ఇంకో వాక్యం ఉంది, మీరు వదిలేశారు. పాలసీదారు పేరు మీద ఎదుటివాడి నుంచి నష్టం రాబట్టే దావా నడిపే హక్కు కంపెనీకి ఉందని రాసి ఉంది. అంటే నా తరఫున ఎదుటివాడి మీదికి వెళ్లే అధికారం నా సంతకంతోనే తీసుకున్నారు. తీసుకుని, నాక్ ఫర్ నాక్ పేరుతో దాన్ని పక్కన పెట్టారు. నా హక్కుని నన్నడక్కుండా వదులుకున్న తర్వాత, దాని వల్ల నాకు వచ్చిన నష్టం మాత్రం నా బోనస్‌లోంచి కోస్తున్నారు. దీనికి మీ సమాధానమేమిటో నిజంగా వినాలని ఉంది.

మావయ్య: దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదమ్మా. వదులుకున్న హక్కుకి బదులు కస్టమర్‌కి ఏదో ఇచ్చి ఉండాల్సిందన్నది ఒప్పుకుంటాను. కానీ ఫ్రాన్స్ వేరు, మన రోడ్లు వేరు. ఇక్కడ బీమానే లేని బండ్లు ఎన్నో. ఆటో గుద్దితే ఆగదు, బైకు గుద్దితే సందులో దూరిపోతుంది. ఆగినవాడు ఫారం మీద సంతకం పెడతాడా? కాలర్ పట్టుకుంటాడు. గుమిగూడిన జనం పెద్ద బండి వాడిదే తప్పంటారు.

మేనకోడలు: జనం అలా తీర్పిస్తున్నది ఎందుకు? తీర్పివ్వాల్సినవాళ్లు ఇవ్వడం లేదు కాబట్టే. చిన్న బండికీ పెద్ద బండికీ గుద్దుడైతే పెద్ద బండిది తప్పు, లోకల్ నంబరుకీ బయటి నంబరుకీ అయితే బయటివాడిది తప్పు, నడిపింది ఆడమనిషైతే చూడకుండానే ఆమెది తప్పు. ఈ న్యాయం ఎంత క్రూరంగా ఉంటుందో ఒంటరిగా కారు నడిపే ఏ అమ్మాయైనా చెబుతుంది. కంపెనీ తేలుస్తుందన్న నమ్మకముంటే అక్కడ అరవాల్సిన పనే ఉండదు. నంబరు రాసుకుని ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. ఎదుటివాడు సంతకం పెట్టకపోతే ఒకరి ఫారమే వస్తుంది, ఫొటోలూ సొట్టా కెమెరా రికార్డూ దాన్ని బలపరుస్తాయో లేదో చూస్తారు. బలపరచకపోతే సగం సగం. ఆగకుండా పోయిన బండి విషయంలో కూడా ఇదే. బీమా లేని బండి గుద్దితే వసూలు కష్టమే, ఒప్పుకుంటాను. కానీ నా బోనస్ కాపాడటానికి వసూలుతో పనేముంది? నా తప్పు లేదని తేలితే చాలు. ఆ ఒక్క నిర్ణయానికి ఎదుటి బండికి బీమా ఉండక్కర్లేదు, దాని డ్రైవర్ మంచివాడు కానక్కర్లేదు.

మావయ్య అక్కడ ఆగాడు. నేను కూడా ఆయన తరఫున ఇంతకంటే గట్టి అభ్యంతరం వెతకలేకపోయాను. ఖర్చు పెరుగుతుందన్నది ఒక్కటే మిగులుతుంది, అది నిజమైన అభ్యంతరమే. అయితే ఖర్చు ఇప్పుడూ ఉంది, దాన్ని మోస్తున్నది సిగ్నల్ దగ్గర ఆగినవాడు. మోయాల్సింది ఆగనివాడు.

ఈ మార్పుకి పార్లమెంటులో కొత్త చట్టం రానక్కర్లేదు. బోనస్ నియమం, క్లెయిమ్ ఫారం, కంపెనీల మధ్య ఒప్పందం, మూడూ బీమా రంగం లోపలివే. ఆ రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది. మోటారు పాలసీల సమాచారం ఒకచోట చేర్చే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా ఈ ఊళ్లోనే ఉంది. తప్పు లేనివాడి బోనస్ కోయరాదు, ప్రతి గుద్దుడు క్లెయిములోనూ బాధ్యత ఎవరిదో కారణాలతో రాసివ్వాలి అన్న రెండు వాక్యాలను మార్గదర్శకంగా జారీ చేయమని నియంత్రణ సంస్థని అడుగుతున్నాను.

అది వచ్చేదాకా కారున్న ప్రతివారూ ఒక పని చేయవచ్చు. క్లెయిమ్ ఫారంలో ప్రమాదం ఎలా జరిగిందో రాసే చోట షెడ్డు కుర్రాడు రాసిన రెండు ముక్కల కింద సంతకం పెట్టకండి. ఎదుటి బండి నంబరు, మీ బండి ఆగి ఉందో కదులుతోందో, ఎటు నుంచి ఎటు దెబ్బ తగిలిందో మీ చేత్తో రాయండి. ఫొటోలు జతచేయండి, సర్వే నివేదిక నకలు అడిగి తీసుకోండి. తప్పు మీది కాదని, బోనస్ కోయవద్దని కంపెనీకి రాతపూర్వకంగా పెట్టండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరించిన నాటి నుంచి ఏడాది గడువుంది. ఇప్పుడున్న నియమం ప్రకారం బోనస్ దక్కకపోవచ్చు. అయినా ఫిర్యాదు పెట్టండి.